ఎదురింటి టవర్, నాలుగు వేల రూపాయల పరీక్ష: తరంగ్ సంచార్ సేవ ఎంతవరకు పనికొస్తుంది?

ఎదురు డాబా మీద కొత్త సెల్ టవర్ లేచిందంటే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొదట భయం మొదలవుతుంది, ఆ వెంటే అమ్మకాలు మొదలవుతాయి. ఫోన్ వెనక అంటించే చిప్, మెడలో వేసుకునే లాకెట్, వెండి దారం నేసిన కర్టెన్, ఆన్‌లైన్‌లో దొరికే రేడియేషన్ మీటర్, గోడకు పూసే నల్ల పెయింట్... ఒకటా రెండా! వీటిలో దేనికైనా డబ్బు పెట్టే ముందు చూడాల్సిన సేవ ఒకటుంది. కేంద్ర టెలికాం శాఖ (డాట్) 2017 మేలో తెచ్చిన తరంగ్ సంచార్ పోర్టల్ అది. మీ ఇంటి దగ్గరి టవర్ నిబంధనలకు లోబడి ఉందో లేదో అందులో ఉచితంగా చూసుకోవచ్చు. ఆ సమాధానం చాలకపోతే 4,000 రూపాయలు కట్టి, అధికారులనే పిలిపించి కొలిపించుకోవచ్చు. మార్కెట్లో ఈ భయం చుట్టూ దొరికే వాటన్నిటిలో, పెట్టిన డబ్బుకు ఒక నిజమైన అంకె చేతికొచ్చేది దీనివల్లే. అలాగని లోపాలు లేవని కాదు.

ముందుగా ఉచిత భాగం. పేరు, ఈమెయిల్, మొబైల్ నంబరు ఇచ్చి ఓటీపీతో లోపలికి వెళ్లాలి. మ్యాప్‌లో మీ వీధి వెతికితే చుట్టుపక్కల టవర్లు గుర్తులుగా కనిపిస్తాయి. ఒకదాని వివరం అడిగితే ఆ సైటు నిబంధనలకు లోబడి ఉందా లేదా అన్నది ఈమెయిల్‌కు వస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఒకే స్తంభం మీద ఇద్దరు ముగ్గురు ఆపరేటర్ల యాంటెన్నాలు ఉండొచ్చు, ఒక్కో ఆపరేటర్‌కు 2జీ, 4జీ, 5జీ అంటూ వేర్వేరు బేస్ స్టేషన్లు (ఫోన్లతో సిగ్నల్ ఇచ్చిపుచ్చుకునే పరికరాలు) ఉండొచ్చు. కంటికి ఒక టవర్‌గా కనిపించేది కాగితం మీద ఆరో ఎనిమిదో బేస్ స్టేషన్లు. వివరం అడిగేటప్పుడు ఒక ఆపరేటర్‌ది చూసి ఊరుకోకుండా ఆ చోట ఉన్నవన్నీ చూడాలి. మ్యాప్ మీద గుర్తు అసలు చోటుకు ఒక భవనం అటో ఇటో కనిపించినా కంగారు పడక్కర్లేదు. సైటు చిరునామా, ఆపరేటర్ పేరు సరిపోల్చుకుంటే చాలు.

ఈ ఉచిత సమాధానం వెనక ఉన్నది ఎక్కువగా ఆపరేటర్ ఇచ్చిన స్వీయ ధ్రువీకరణే. ప్రతి బేస్ స్టేషన్‌కూ మొదట ఒకసారి, తర్వాత రెండేళ్లకోసారి, మధ్యలో సైటులో మార్పు చేసినప్పుడు ఆపరేటర్ ఈ పత్రం ఇవ్వాలి. డాట్ క్షేత్ర కార్యాలయాలు ఏటా పది శాతం దాకా సైట్లను యాదృచ్ఛికంగా ఎంచుకుని తనిఖీ చేస్తాయి. తెలుగు రాష్ట్రాలు రెండూ టెలికాం లెక్కలో ఇప్పటికీ ఒకే ఆంధ్రప్రదేశ్ సర్కిల్ కిందికి వస్తాయి కనుక నిజామాబాద్ వాళ్లయినా నెల్లూరు వాళ్లయినా అదే సర్కిల్ లెక్క. పది శాతం అంటే మీ ఎదురింటి టవర్ ఎన్నో ఏళ్లుగా ఎవరి తనిఖీకీ అందకుండా ఉండి ఉండొచ్చు. డబ్బు కట్టి కొలిపించుకునే వీలు విలువైనది అందుకే.

ఆ నాలుగు వేలు అందరూ ఖర్చు పెట్టాలా? అక్కర్లేదు. ఎవరికి అవసరమో తేల్చుకోవాలంటే యాంటెన్నా ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి.

టవర్ మీద నిలువుగా కట్టిన పొడవాటి పెట్టెలే సెక్టార్ యాంటెన్నాలు. గుండ్రటి డ్రమ్ముల్లాంటివి టవర్ నుంచి టవర్‌కు వెళ్లే మైక్రోవేవ్ లింకులు. వాటి కిరణం సన్నగా, నేరుగా ఇంకో టవర్ వైపే పోతుంది, ఇళ్లకు వాటితో పెద్దగా పనిలేదు. సెక్టార్ యాంటెన్నా శక్తినంతా ముందువైపు, నిలువులో ఆరు నుంచి పది డిగ్రీల పలుచటి పొరలా పంపుతుంది. ఆ పొరను కొన్ని డిగ్రీలు కిందికి వంచి పెడతారు. అందుకే టవర్ ఉన్న భవనంలో, సరిగ్గా కింద ఉండే ఫ్లాట్లలో తీవ్రత తక్కువగా ఉంటుంది. పైన కాంక్రీటు స్లాబు ఉంటుంది, కిరణం వెళ్లే దిక్కు కూడా అది కాదు. చూసుకోవాల్సింది ఎదురు భవనం వాళ్లు. యాంటెన్నా ఎత్తుకు సమానంగా, దాని ముఖానికి ఎదురుగా, కొద్ది మీటర్ల దూరంలో బాల్కనీయో పెంట్‌హౌసో ఉంటే అది కొలిపించుకోవాల్సిన చోటు.

ఒక లెక్క చూద్దాం. 20 వాట్ల ట్రాన్స్‌మిటర్, 17 డెసిబెల్ గెయిన్ (శక్తిని ఒకే దిక్కుకు కూడగట్టే గుణం) ఉన్న యాంటెన్నా అనుకుందాం. ముందువైపు దాని ప్రభావ శక్తి సుమారు 1,000 వాట్లు అవుతుంది. కిరణం మధ్యలో, అడ్డేమీ లేకుండా 20 మీటర్ల దూరంలో చదరపు మీటరుకు 0.2 వాట్లు వస్తుంది. 50 మీటర్ల దగ్గర అది 0.03కు, 100 మీటర్ల దగ్గర 0.008కి పడిపోతుంది. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతు. అలాంటి మూడు నాలుగు క్యారియర్లు (ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద వెళ్లే సిగ్నళ్లు) ఒకే దిక్కుకు చూస్తుంటే 20 మీటర్ల దగ్గర మొత్తం 0.6 దాటవచ్చు, అది 900 మెగాహెర్ట్జ్‌కు మన దేశంలో ఉన్న 0.45 పరిమితి కన్నా ఎక్కువ. డాట్ రాష్ట్రాలకు ఇచ్చిన సూచనల్లో యాంటెన్నాకు ఎదురుగా అదే ఎత్తులో ఉండే భవనానికి రెండు యాంటెన్నాలైతే 35 మీటర్లు, నాలుగైతే 45, ఆరైతే 55, పన్నెండైతే 75 మీటర్ల దూరం అని పెట్టింది ఈ లెక్క ఆధారంగానే. ఇది ముందువైపుకు మాత్రమే వర్తించే దూరం. టవర్ చుట్టూ వృత్తం గీసి అందులో ఉన్నవాళ్లంతా ప్రమాదంలో ఉన్నారని చెప్పే ఫార్వర్డ్ మెసేజీలు ఈ ముక్కను వదిలేస్తాయి.

ఇక పరిమితుల సంగతి. ఐసీఎన్ఐఆర్‌పీ అనే, రేడియో తరంగాల నుంచి రక్షణకు పరిమితులు చెప్పే అంతర్జాతీయ సంస్థ సూచించిన దానిలో పదో వంతును 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశం పరిమితిగా పెట్టుకుంది. 400 నుంచి 2,000 మెగాహెర్ట్జ్ మధ్య ఫ్రీక్వెన్సీని 2,000తో భాగిస్తే ఆ బ్యాండ్ (ఫ్రీక్వెన్సీల పట్టీ) పరిమితి వస్తుంది. 700 బ్యాండ్‌కు చదరపు మీటరుకు 0.35 వాట్లు, 900కు 0.45, 1800కు 0.9. 2,000 దాటితే, అంటే 2300 మీద 4జీకి, 3300–3670 మీద నడిచే 5జీకి, 1 వాటు. విద్యుత్ క్షేత్రంగా చెప్పాలంటే 900 దగ్గర మీటరుకు 13 వోల్టులు, 2,000 పైన 19 వోల్టుల పైచిలుకు. ఈ నాలుగైదు అంకెలు ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే రిపోర్టూ, మీటరూ, వాట్సాప్ మెసేజీ మూడూ అర్థమవుతాయి.

యూనిట్ల దగ్గర జరిగే గందరగోళం ఇంతా అంతా కాదు. చదరపు మీటరుకు 0.45 వాట్లన్నా, 450 మిల్లీవాట్లన్నా, 4,50,000 మైక్రోవాట్లన్నా ఒకటే. అదే చదరపు సెంటీమీటరు లెక్కలో చెబితే 45 మైక్రోవాట్లు. ఇంట్లో మీటరు చదరపు మీటరుకు 3,000 మైక్రోవాట్లు చూపిస్తే గుండె జారిపోతుంది, కానీ అది పరిమితిలో ఒక శాతం కూడా కాదు. ఎవరైనా అంకె చెబితే ముందు అడగాల్సింది అది చదరపు మీటరుకా, చదరపు సెంటీమీటరుకా అని. రెండింటికీ తేడా పది వేల రెట్లు.

కొలత ఎలా జరగాలో తెలిసి ఉంటే పక్కన నిలబడి చూడొచ్చు, తప్పులు పట్టొచ్చు. డాట్‌కు చెందిన టెలికమ్యూనికేషన్ ఇంజినీరింగ్ సెంటర్ ఇందుకు ఒక పరీక్షా విధానం రాసిపెట్టింది. స్థూలంగా మూడు దారులు. మొదటిది యాంటెన్నా శక్తి, ఎత్తు, వంపు బట్టి కాగితం మీద లెక్క కట్టడం. రెండోది బ్రాడ్‌బ్యాండ్ కొలత, అంటే అన్ని ఫ్రీక్వెన్సీలనూ కలిపి ఒకే అంకెగా చూపించే మీటరుతో కొలవడం. మూడోది ఏ బ్యాండ్ నుంచి ఎంత వస్తోందో విడివిడిగా కొలిచే పద్ధతి. నార్డా వంటి కంపెనీల పరికరాలు ఇందుకు వాడతారు. వాటి ధర లక్షల్లో ఉంటుంది. ఏటేటా కాలిబ్రేషన్ చేయించాలి. బ్రాడ్‌బ్యాండ్ అంకె అక్కడున్న బ్యాండ్లలో అతి తక్కువ పరిమితి కన్నా కూడా తక్కువగా ఉంటే పని అక్కడితో అయిపోయినట్టే. దాటితేనే మూడో పద్ధతికి వెళ్లాలి.

చూసుకోవాల్సినవి ఇవి. ప్రోబ్ (మీటరుకు తరంగాలను అందుకునే భాగం) మనిషి ఛాతీ, తల ఎత్తులో, సుమారు మీటరున్నర దగ్గర ఉండాలి. బాల్కనీ ఇనుప గ్రిల్‌కు ఆనించి కొలిస్తే ప్రతిఫలనాల వల్ల అంకె పెరుగుతుంది లేదా తగ్గుతుంది, కాస్త ఎడం పాటించాలి. పక్కనున్న వాళ్ల ఫోన్లన్నీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి, వైఫై రూటర్ ఆపాలి. లేకపోతే మీటరు టవర్‌ను కాకుండా జేబులోని ఫోన్‌ను కొలుస్తుంది. క్షణకాలపు గరిష్ఠాన్ని కాకుండా 6 నిమిషాల సగటును పరిమితితో పోల్చాలి. కొలిచే చోటు కూడా ముఖ్యమే. గేటు దగ్గరో, టవర్ కిందో నిలబడి కొలిస్తే తక్కువ వచ్చి తీరుతుంది. యాంటెన్నాకు ఎదురుగా ఉన్న గది, బాల్కనీ, డాబా మీద వాటర్ ట్యాంకు దగ్గర, పిల్లలు ఆడుకునే చోటు అని ముందే రాసిచ్చి, అక్కడే కొలవమని అడగండి. దరఖాస్తులో 'మా ఇంటి దగ్గర' అని ఊరికే రాయకుండా ఏ అంతస్తు, ఏ వైపు, యాంటెన్నాకు సుమారు ఎన్ని మీటర్లు అని రాస్తే పని తేలికవుతుంది. రెండు మూడు ఫొటోలు దగ్గర పెట్టుకోండి.

ఈ సేవలో నాకు అసంతృప్తి కలిగించే మొదటి అంశం కొలిచే వేళ. ఆఫీసు వేళల్లో వచ్చి కొలుస్తారు, ఊళ్లో ట్రాఫిక్ రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా ఎక్కువ. పాత 2జీలో నియంత్రణ ఛానల్ ఎప్పుడూ పూర్తి శక్తితో ఉండేది కనుక దాన్ని కొలిచి, మొత్తం క్యారియర్ల సంఖ్యతో గుణిస్తే గరిష్ఠం తెలిసేది. 4జీలో రిఫరెన్స్ సిగ్నల్‌తో అలాంటి లెక్కే కడతారు. 5జీ మాసివ్ మైమో యాంటెన్నా (చిన్న యాంటెన్నాలు ఎన్నో కలిపిన పెట్టె) అలా కాదు. వాడేవాళ్లు ఉన్న దిక్కుకు కిరణాన్ని తిప్పుతుంది, ఎవరూ వాడకపోతే దాదాపు మౌనంగా ఉంటుంది. పగలు పదకొండింటికి వచ్చి అలాగే కొలిస్తే 5జీ వాటా ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. కొలిచే సమయంలో ఆ చోట 5జీ ఫోన్‌లో పెద్ద ఫైలు డౌన్‌లోడ్ పెడితే కిరణం అటు తిరుగుతుంది. అప్పుడు ఆ ఫోన్‌ను ప్రోబ్‌కు దూరంగా ఉంచాలి. లేదా గరిష్ఠ శక్తికి లెక్కకట్టారా అని రిపోర్టులో చూడాలి. 'గరిష్ఠ లోడుకు సవరించారా?' అన్న ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి.

రిపోర్టు చేతికొచ్చాక చూడాల్సింది మొత్తం నిష్పత్తి. ఒక్కో బ్యాండ్‌లో కొలిచిన దాన్ని ఆ బ్యాండ్ పరిమితితో భాగించి అన్నిటినీ కూడాలి. ఉదాహరణకు 700లో 0.02 వస్తే 0.35తో భాగిస్తే 0.06. 900లో 0.045 వస్తే 0.10. 1800లో 0.09 వస్తే 0.10. 3500లో 0.1 వస్తే 0.10. మొత్తం 0.36. ఇది 1 లోపు ఉంటే సైటు నిబంధనకు లోబడినట్టు. ఏ బ్యాండుకు ఆ బ్యాండు పరిమితి లోపే ఉందని విడివిడిగా చెప్పి సరిపెడితే కుదరదు, ఎందుకంటే నలుగురు ఆపరేటర్లు తలా 0.3 వాడుకుంటే ఎవరికి వారు సక్రమమే, కలిపితే 1.2. ఒకే చోట ఉన్నవాళ్లంతా కలిపి లెక్కకు రావాలి.

రెండో అసంతృప్తి డబ్బు విషయంలో. భయపడిన మనిషే 4,000 కట్టాలి. అపార్ట్‌మెంట్‌లో నలభై ఫ్లాట్లుంటే తలా వంద రూపాయలు, ఇబ్బంది లేదు. రేకుల ఇంట్లో, యాంటెన్నాకు ఎదురుగా మేడగదిలో అద్దెకుండే కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. పరిమితి దాటినట్టు తేలిన సందర్భంలోనైనా ఆ రుసుము ఆపరేటర్ దగ్గర వసూలు చేసి తిరిగివ్వడమే న్యాయం. బడి, ఆసుపత్రి పక్కనున్న సైట్లను అడగకుండానే ముందు వరుసలో తనిఖీ చేయాలి.

ఇప్పుడు దీనికి పోటీగా అమ్ముడయ్యే వస్తువుల దగ్గరకు వద్దాం.

ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే చేతి మీటర్లలో ఎక్కువ భాగం తెర మీద రెండే అంకెలు చూపిస్తాయి: మీటరుకు వోల్టులు, మైక్రోటెస్లాలు (అయస్కాంత క్షేత్రపు కొలత). పెట్టె మీద 3,500 మెగాహెర్ట్జ్ దాకా అని రాసి ఉన్నా అవి నిజంగా స్పందించేది ఇంటి కరెంటు 50 హెర్ట్జ్‌కు. స్విచ్‌బోర్డు, ఫ్రిజ్, మిక్సీ దగ్గర పెట్టగానే అంకె ఎగురుతుంది, టవర్ వైపు తిప్పితే కదలదు. ఇలాంటి చాలా మోడళ్లలో అలారం మీటరుకు 40 వోల్టుల దగ్గర మోగుతుంది. టవర్‌కు మన పరిమితే 13 నుంచి 19 వోల్టులు. అంటే ఆ అలారానికీ టవర్‌కూ సంబంధమే లేదు. ఇది ఎర్ర లైటు వేస్తే వైరింగ్‌లో ఎర్తింగ్ సరిగా లేదేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి, ఆ మేరకు ఉపయోగం.

ఫోన్‌లో వేసుకునే 'రేడియేషన్ డిటెక్టర్' యాప్‌లు ఫోన్‌లోని దిక్సూచి సెన్సార్‌ను చదువుతాయి. అవి చూపించే 40 మైక్రోటెస్లాలు భూమి అయస్కాంత క్షేత్రం. ఇనుప బీరువా దగ్గర పెరుగుతాయి, టవర్ దగ్గర పెరగవు. వెంటనే తీసేయొచ్చు.

కొంచెం పైస్థాయిలో ట్రైఫీల్డ్ టీఎఫ్2 లాంటివి ఉన్నాయి. ఇది నిజంగానే 20 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్ దాకా రేడియో తరంగాలను కొలుస్తుంది, తయారీ బాగుంటుంది, వాడటం తేలిక. ఇంట్లో ఏ మూల ఎక్కువ, ఏ మూల తక్కువ అని పోల్చుకోవడానికి సరిపోతుంది. కానీ దాని గరిష్ఠ అంకె చదరపు మీటరుకు 19.999 మిల్లీవాట్లు. మన 900 బ్యాండ్ పరిమితి 450 మిల్లీవాట్లు. పరిమితిలో ఇరవయ్యో వంతు చేరకముందే మీటరు చేతులెత్తేస్తుంది కాబట్టి టవర్ నిబంధన దాటిందని దీనితో నిరూపించలేరు. పైగా క్షణకాలపు గరిష్ఠాన్నే పెద్దగా చూపిస్తుంది. వైఫై ప్యాకెట్ ఒకటి చిటుక్కుమన్నా అంకె దూకుతుంది. 6 నిమిషాల సగటు దానికన్నా చాలా తక్కువ ఉంటుంది. ఇంకొన్ని మీటర్ల రంగు దీపాలు జర్మనీ బిల్డింగ్ బయాలజీ (ఇళ్లు ఆరోగ్యంగా ఉండాలనే ఉద్యమం) వాళ్ల సూచనల ధోరణిలో ఉంటాయి. ఆ సూచనల్లో చదరపు మీటరుకు 1,000 మైక్రోవాట్లు దాటితే అతి తీవ్రం. అంటే మన పరిమితిలో 450వ వంతు దగ్గరే ఎర్ర లైటు. నగరంలో ఏ వీధిలో తిరిగినా ఎర్రగానే కనిపిస్తుంది. అంత జాగ్రత్త కావాలనుకునే వాళ్లను తప్పుపట్టను. కానీ ఆ దీపం చట్టం ఉల్లంఘించారని చెప్పడం లేదన్నది గుర్తుండాలి.

స్టిక్కర్లు, చిప్‌లు, లాకెట్లు మాత్రం పూర్తిగా వృథా. ఫోన్‌కు చిప్ అంటించి సెట్టింగ్స్‌లో సిగ్నల్ బలం డెసిబెల్స్‌లో చూడండి. అంటించక ముందూ తర్వాతా ఒకేలా ఉంటే అది ఏమీ ఆపడం లేదన్నమాట. నిజంగా ఆపితే పరిస్థితి ఇంకా చెడ్డది. సిగ్నల్ తగ్గేసరికి ఫోన్ తన శక్తిని పెంచుకుంటుంది, తలకు ఆనించిన ఫోన్ నుంచి వచ్చే తీవ్రత ఎక్కువవుతుంది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ విషయమే వినియోగదారులకు హెచ్చరికగా చెప్పింది. లాకెట్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ '5జీ నుంచి రక్షణ' పేరుతో అమ్మిన లాకెట్లు, బ్రాస్‌లెట్లు, నిద్రకు కళ్లకు కట్టుకునే ముసుగు వంటి 10 వస్తువులను పరీక్షిస్తే అవే రేడియోధార్మిక కిరణాలు వెదజల్లుతున్నాయని తేలింది. వాడటం ఆపేయమని ప్రజలకు చెప్పింది. టవర్ నుంచి వచ్చే తరంగాలు అణువులను చీల్చలేవు, ఆ లాకెట్ల నుంచి వచ్చేవి చీల్చగలవు. పిల్లల మెడలో అలాంటిది ఉంటే ఈరోజే తీసేయండి.

వెండి దారం కర్టెన్లు, కార్బన్ పెయింట్ ఈ జాబితాలో కాస్త నిజాయితీ ఉన్న సరుకు. ఇవి తరంగాలను అడ్డుకోగలవు. కానీ ఒక వైపు కట్టి మిగతా కిటికీలు, తలుపు సందులు వదిలేస్తే ప్రతిఫలించి లోపలికే వస్తాయి. పెయింట్‌కు ఎర్తింగ్ సరిగ్గా ఇవ్వాలి, అది ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని. గది మొత్తం మూసి లోపల ఫోన్, రూటర్ వాడితే ఫోన్ బయటి టవర్‌ను అందుకోవడానికి గరిష్ఠ శక్తితో అరుస్తుంది. మామూలు ఇటుక, కాంక్రీటు గోడే తీవ్రతను దాదాపు పదో వంతుకు తగ్గించగలదు, సాదా గాజు కిటికీ పెద్దగా ఆపదు. కాబట్టి యాంటెన్నా వైపు కిటికీ దగ్గర మంచం వేసుంటే గోడ వెనక్కి జరపడం పైసా ఖర్చు లేని పని. ముందు కొలిపించి, పరిమితికి దగ్గరగా వస్తేనే కర్టెన్ల గురించి ఆలోచించండి.

ఇంతకీ పరిమితి లోపు ఉంటే ఆరోగ్యానికి భయం లేనట్టేనా? ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2011 మేలో రేడియో తరంగాలను 2బీ వర్గంలో, అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చన్న వర్గంలో చేర్చింది. దానికి ఆధారం ప్రధానంగా చెవికి ఆనించి ఎక్కువసేపు ఫోన్ వాడేవాళ్ల మీద జరిగిన అధ్యయనాలు. 2018లో అమెరికా జాతీయ టాక్సికాలజీ ప్రోగ్రామ్ మగ ఎలుకల గుండెలో కణితుల గురించి చెప్పింది. అవి ఒళ్లంతా రోజుకు తొమ్మిది గంటలు పడ్డ తీవ్రతలు, టవర్ పక్కింట్లో ఉండే తీవ్రత కన్నా ఎంతో ఎక్కువ. మరోవైపు ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 2024లో వచ్చింది, ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదని చెప్పింది. టవర్ల గురించే నేరుగా చూసిన బ్రిటన్ అధ్యయనం 2010లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. అయిదేళ్ల లోపు క్యాన్సర్ వచ్చిన 1,397 మంది పిల్లలను, రాని 5,588 మందినీ పోల్చి, తల్లి గర్భంతో ఉన్నప్పుడు ఇల్లు టవర్‌కు ఎంత దగ్గరన్నదానికీ ఈ జబ్బుకూ సంబంధం కనబడలేదని తేల్చింది. పరిమితులు ప్రధానంగా కణజాలం వేడెక్కడాన్ని బట్టి పెట్టినవి, దశాబ్దాల పాటు కొద్దికొద్దిగా పడే ప్రభావం మీద ఇంకా పరిశోధన కావాలి అనే వాళ్ల మాటలో న్యాయం ఉంది. పదో వంతు నియమం పెట్టుకోవడంలో మన దేశం చూపిన ముందుజాగ్రత్త మంచిదే. దాన్ని అమలులో గట్టిగా పట్టుకోవాలి.

టవర్ వచ్చినప్పటి నుంచి నిద్ర లేదు, తలనొప్పి అనే వాళ్లను తేలిగ్గా తీసిపారేయొద్దు. ఆ బాధ నిజం. తరంగాలు ఆన్‌లో ఉన్నాయో ఆఫ్‌లో ఉన్నాయో తెలియకుండా చేసిన ప్రయోగాల్లో మాత్రం ఆ లక్షణాలు ఆన్ ఆఫ్‌లతో జత కలవలేదు. కాబట్టి వాళ్లకు బీపీ, కళ్లు, థైరాయిడ్, నిద్ర పరీక్షలు చేయించాలి. అన్నిటినీ టవర్ ఖాతాలో వేస్తే అసలు జబ్బు దాగిపోతుంది.

పరీక్షలో పరిమితి దాటితే ఏమవుతుంది? జరిమానాను 2013లో ఒక్కో బేస్ స్టేషన్‌కు 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆపరేటర్ చేసే మొదటి సవరణ సాధారణంగా శక్తి తగ్గించడం, యాంటెన్నా వంపు మార్చడం, సెక్టార్ దిక్కు తిప్పడం. టవర్ తీసేయడం చివరిది. తిప్పిన తర్వాత కిరణం ఇంకో ఇంటి మీద పడుతుందేమో చూసుకోవాలి కాబట్టి మార్పు జరిగాక మళ్లీ కొలవమని రాతపూర్వకంగా అడగండి. మొత్తంగా టవర్ తీయించేయాలని పట్టుబట్టే ముందు ఒక సంగతి ఆలోచించాలి. దగ్గర్లో టవర్ లేకపోతే మీ చేతిలోని ఫోన్ ఒక్కో కాల్‌కూ ఎక్కువ శక్తితో పనిచేస్తుంది, అది మీ చెవికి ఆనుకుని ఉంటుంది.

తీవ్రత పరిమితి లోపు ఉందని తేలినా ఇబ్బంది మిగిలే చోట్లు కొన్ని ఉన్నాయి. అవి తరంగ్ సంచార్ పరిధిలోకి రావు. డాబా మీద టవర్, బ్యాటరీలు, జనరేటర్ కలిస్తే టన్నుల బరువు. ఆ భవనం మోయగలదని స్ట్రక్చరల్ ఇంజినీరు ఇచ్చిన ధ్రువపత్రం చూపించమని యజమానిని, మున్సిపాలిటీని అడగండి. స్లాబులో కొత్త పగుళ్లు, నీటి చెమ్మ కనిపిస్తే ఫొటోలు తీసి తేదీ వేసి పెట్టుకోండి. యాంటెన్నాల దగ్గరకు వెళ్లే మెట్లకు తాళం, హెచ్చరిక బోర్డు తప్పనిసరి. బట్టలు ఆరేయడానికో గాలిపటాలకో పిల్లలు యాంటెన్నా ముందుకు వెళ్లే వీలు ఉండకూడదు, ఎందుకంటే ఒకటి రెండు మీటర్ల దగ్గర పరిమితి నిజంగా దాటుతుంది. డీజిల్ జనరేటర్ శబ్దం కవరు నుంచి ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించకూడదని కాలుష్య నియంత్రణ నిబంధన ఉంది. పొగగొట్టం మీ కిటికీ వైపు ఉంటే, శబ్దం ఎక్కువైతే, ఆ ఫిర్యాదు డాట్‌కు కాకుండా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి, మున్సిపాలిటీకి వెళ్లాలి. దరఖాస్తులో భవనం చిరునామాతో పాటు టవర్ మీద రాసి ఉండే సైట్ ఐడీ, టవర్ కంపెనీ పేరు, జనరేటర్ నడిచే వేళలు రాయండి.